నడుముకి గట్టి సోఫాయే మంచిదా? ఆ వాట్సాప్ మెసేజ్‌లో ఉన్న తప్పులు

మా బంధువుల గ్రూపులో నెల రోజులుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. "సోఫా కొంటున్నారా? నడుము బాగుండాలంటే ఈ నాలుగూ చూడండి" అని మొదలవుతుంది. ఒకటి, సీటు ఎంత గట్టిగా ఉంటే నడుముకి అంత మంచిది, 40 డెన్సిటీ ఫోమే అడగండి. రెండు, వీపు 90 డిగ్రీల్లో నిటారుగా ఉండాలి. మూడు, నడుము నొప్పి ఉన్నవాళ్ళు రిక్లైనర్ (వెనక్కి వాల్చుకుని కాళ్ళు చాపుకునే సీటు) కొంటే నొప్పి పోతుంది. నాలుగు, సీటు ఎంత లోతుగా ఉంటే అంత హాయి. ఇవే మాటలు విని మేము ఏడాది కిందట సోఫా కొన్నాం. ఇబ్బంది మా అమ్మ పడింది. అందుకే రాస్తున్నాను.

ముందు డెన్సిటీ సంగతి. 40 డెన్సిటీ అంటే ఆ ఫోమ్ ఒక ఘనపు మీటరు 40 కిలోలు తూగుతుందని అర్థం. అంతకు మించి ఏమీ కాదు. గట్టిదా మెత్తదా అన్నది వేరే లెక్క. 40లో మెత్తటి ఫోమూ ఉంటుంది, గట్టిదీ ఉంటుంది. తక్కువ డెన్సిటీ ఫోమ్‌ని కూడా గట్టిగా తయారుచేస్తారు. కొన్న రోజు బల్లలా ఉంటుంది, కొన్నాళ్ళకి కూర్చునే చోట గుంట పడుతుంది. డెన్సిటీ తప్పకుండా అడగండి, కానీ మన్నిక కోసం అడగండి.

నడుము నొప్పికి గట్టి బల్లే మందు అన్న మాట చిన్నప్పటి నుంచీ వింటున్నదే. స్పెయిన్‌లో చాలాకాలంగా నడుము నొప్పితో బాధపడుతున్న 313 మందికి రెండు రకాల పరుపులిచ్చి చూశారు. ఫలితాలు 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. బాగా గట్టి పరుపు వాడినవాళ్ళ కంటే మధ్యరకం పరుపు వాడినవాళ్ళకే నొప్పి ఎక్కువ తగ్గింది. అది పరుపు, ఇది సోఫా, నిజమే. కానీ "ఎంత గట్టిదైతే అంత మంచిది" అన్న మాట పడుకోవడానికే నిలబడనప్పుడు, కూర్చోవడానికి ఏ ధైర్యంతో చెప్తాం? కూర్చోగానే సీటు ఒకటి రెండు అంగుళాలు దిగి అక్కడ ఆగితే సరిపోతుంది. ఆగకుండా ఇంకా దిగుతుంటే కుషన్ ఎత్తి కింద బెల్టులు, స్ప్రింగులు చూడండి. తప్పు ఫోమ్‌ది కాకపోవచ్చు.

90 డిగ్రీల మాట సోఫాకి అసలు వర్తించదు. 1970లలో స్వీడన్‌లో ఆండర్సన్, నాకెమ్సన్ అనే డాక్టర్లు, వాళ్ళతో పనిచేసినవాళ్ళు వెన్నుపూసల మధ్య డిస్కులో ఒత్తిడిని సూదితో నేరుగా కొలిచారు. వీపు వెనక్కి వాలేకొద్దీ ఒత్తిడి తగ్గింది, నడుము ఒంపు దగ్గర ఆసరా ఇస్తే ఇంకా తగ్గింది. అందుకే వీపు 100 నుంచి 110 డిగ్రీల దాకా వాలిన సోఫా మేలు. ఆసరా ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. వెనక్కి ఆనుకుని కూర్చుని నడుము వెనక అరచెయ్యి పెట్టండి. అడ్డం లేకుండా దూరిపోతే అక్కడ ఆసరా లేనట్టే, ఒక చిన్న దిండు కావాలి.

రిక్లైనర్ గురించి ఒక్క ముక్క. కొంతమందికి సుఖంగానే ఉంటుంది, కానీ నొప్పిని అది పోగొట్టదు. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే ఎంత ఖరీదైన సీటులోనైనా నడుము పట్టేస్తుంది. అరగంటకోసారి లేవాలి.

ఇక లోతు. మేము దెబ్బతిన్నది ఇక్కడే. మా అమ్మ ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. మేము కొన్న సోఫా సీటు లోతు 24 అంగుళాలు, ఎత్తు 19. వెనక్కి ఆనుకుంటే పాదాలు గాల్లో వేలాడేవి, సీటు అంచు పిక్కల మీద నొక్కేది. కాసేపటికి తిమ్మిరి. పాదాలు ఆనించాలని ముందుకి జరిగితే వీపుకి ఆసరా పోయేది. లేవాలంటే మరీ కష్టం. ఎవరైనా లేచేటప్పుడు పాదాలు మోకాళ్ళ కంటే కాస్త వెనక్కి రావాలి. మా సోఫాకి ముందు చెక్క నేల దాకా దిగి ఉంది, మడమలు పోవడానికి జాగా లేదు. రెండు చేతులూ హ్యాండిల్ మీద పెట్టి, రెండుసార్లు ఊగి, మూడోసారికి లేచేది. పిలిస్తే వెంటనే రాలేకపోతున్నానని తనే బాధపడేది.

షాపులో ఇదంతా మాకు తెలియలేదు. అక్కడ అమ్మ రెండు నిమిషాలు, అదీ సీటు అంచున కూర్చుంది. పైగా చెప్పులతో కూర్చుంది. ఇంట్లో వట్టి కాళ్ళతోనే కదా ఉంటాం, చెప్పుల మందం అంగుళమైనా తేడా వస్తుంది.

లోతు సీటు అందరికీ చెడ్డదని అనను. పొడుగువాళ్ళకి సరిపోతుంది. బాసింపట్టు వేసుకుని కూర్చునే మా నాన్నకి అదే ఇష్టం. కానీ ఇంట్లో దాన్ని ఎక్కువ వాడేది ఎవరో చూసుకోవాలి. కొలవాల్సినవి రెండే. వట్టి కాళ్ళతో కూర్చోబెట్టి మోకాలి వెనక మడత నుంచి నేలకి ఎంతో చూడండి, మనిషి కూర్చున్నాక సీటు ఎత్తు దాదాపు అంత ఉండాలి. మోకాళ్ళ నొప్పులుంటే లేవడానికి ఒక అంగుళం ఎక్కువున్నా మంచిదే, పాదాలు నేలకి ఆనుతున్నంత వరకు. రెండోది, పిరుదుల వెనక నుంచి మోకాలి మడత దాకా. సీటు లోతు దానికంటే రెండు వేళ్ళు తక్కువుండాలి.

మా సోఫాని వెనక్కి తీసుకోవడానికి షాపువాళ్ళు ఒప్పుకోలేదు. చివరికి మా వీధి చివర సోఫాలు చేసే ఆయనతో అయిదంగుళాల గట్టి వీపు కుషన్ కుట్టించి, ముందు చెక్క కోయించి, సోఫా కాళ్ళు రెండంగుళాలు తగ్గించాం. అమ్మ ఇప్పుడు ఒక్కసారికే లేస్తోంది. మొన్న సోఫా కొంటున్న మా పిన్ని ఏ మోడల్ తీసుకోమంటావని ఫోన్ చేసింది. ముందు టేపు తెమ్మన్నాను. మోకాలి మడత నుంచి నేలకి 15 అంగుళాలు, పిరుదుల వెనక నుంచి మడతకి 17 అని చెప్పింది, అవి రాసుకునే షాపుకి వెళ్ళింది.