బ్యాలెట్ లెక్కపెట్టిన చేతుల్లో గైడు పుస్తకం

2025 డిసెంబరులో సర్పంచ్ ఎన్నికల రోజు మా నల్లగొండ వైపు ఊళ్లలో బడే పోలింగ్ కేంద్రం, సార్లే పోలింగ్ అధికారులు. పొద్దున 7 గంటలకు మొదలైన ఓటింగ్ మధ్యాహ్నం 1 గంటకు ముగిసింది. 2 గంటలకు పెట్టెలు విప్పారు. వార్డు సభ్యుల తెల్ల కాగితాలు ఒక పక్క, సర్పంచ్ గులాబీ కాగితాలు ఇంకో పక్క వేసి, పాతిక చొప్పున కట్టలు కట్టారు. ఏజెంట్లు మీద పడి చూస్తుంటే, చెల్లని ఓటు ఎందుకు చెల్లదో ఓపికగా చెప్పారు. ఫలితం చదివి, గెలిచిన వార్డు సభ్యులను అక్కడే కూర్చోబెట్టి ఉపసర్పంచ్ ఎన్నిక కూడా జరిపించారు. సామాను అప్పగించి ఇల్లు చేరేసరికి ఏ అర్ధరాత్రో.

రెండు రోజుల తర్వాత, ఆ లెక్కింపు చేసిన సార్లలో ఒకరు, సోషల్ సారు, తరగతిలో స్థానిక ప్రభుత్వాల పాఠం చెప్తున్నాడు. చేతిలో గైడు. "సర్పంచ్ పదవీకాలం 5 సంవత్సరాలు. అండర్‌లైన్ చేసుకోండి, వన్ మార్కు వస్తది."

ఆ సారును ఎగతాళి చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. చాలా ఏళ్లు నేనూ అట్లాగే చెప్పాను. ఓట్లు సమానంగా వస్తే లాటరీ తీస్తారని తెలుసు. నోటా ఎక్కడ ఉంటుందో, ఎవరు ఎందుకు దాని మీద ముద్ర వేస్తారో తెలుసు. 2024 నవంబరులో ఇంటింటి కుటుంబ సర్వేకు గడప గడప తిరిగింది మా వాళ్లే. ఓటరు జాబితాలు పట్టుకుని తిరిగే బీఎల్‌వోల్లోనూ టీచర్లున్నారు. రాజ్యం ఎట్లా నడుస్తుందో ఇంత దగ్గరి నుంచి చూసే ఉద్యోగి ఇంకొకరు లేరేమో. అయినా ఆ అనుభవం తరగతి గది గడప దాటి లోపలికి రాదు.

సోషల్ టీచర్ల గురించి మాట్లాడిన ప్రతిసారీ వనరులు లేవు, పటాలు లేవు, శిక్షణ లేదు అంటారు. దక్షిణ తెలంగాణ వరకైతే నేను ఒప్పుకోను. నల్లగొండ, పాలమూరు పాత జిల్లాల్లో సోషల్ చెప్పడానికి సరుకు లేదనడమంటే కృష్ణ ఒడ్డున నిలబడి నీళ్లు లేవన్నట్టే. నీళ్లున్నాయి, పొలానికి కాలువ లేదు. నిజానికి ఆ పోలిక కూడా మా వాళ్లకు కొత్తేమీ కాదు.

ఒక్క ఉదాహరణ చూద్దాం. ఎన్నికల పాఠంలో 'ధరావతు' అనే మాట వస్తుంది. పోటీ చేసేవాళ్లు కట్టే డబ్బు, తగినన్ని ఓట్లు రాకపోతే పోతుంది. రెండు వాక్యాల్లో పాఠం అయిపోతుంది. కానీ ఆ ధరావతు కథలో నల్లగొండ ఉంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోతున్న ఊళ్ల గోడు ఢిల్లీకి వినబడాలని, దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి పిలుపుతో జనం నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పత్రం కాస్తా పుస్తకమై కూర్చుంది. ఎన్నికను వాయిదా వేయాల్సి వచ్చింది. అదే ఏడు కర్ణాటకలోని బెళగావి లోక్‌సభ స్థానంలో వందల్లో, తమిళనాడులోని మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలో వెయ్యికి పైగా అభ్యర్థులు నిలబడ్డారు. ఆ ఏడాదే చట్టం మార్చి, 500 రూపాయలున్న లోక్‌సభ ధరావతును 10,000 చేశారు. ఇప్పుడది 25,000.

ఇది తొమ్మిదో తరగతి పిల్లల ముందు పెట్టి చూడండి. నిరసనకు నామినేషన్ వేయడం సరైనదేనా? ధరావతు పెంచితే ఆగింది అల్లరి అభ్యర్థులా, పేదవాళ్ల గొంతా? ఫ్లోరైడ్ పీడిత మర్రిగూడ, నాంపల్లి మండలాల పిల్లల్లో చాలామందికి ఆ 480 మందిలో ఎవరో ఒకరు చుట్టమో, ఊరివాళ్లో అయ్యుంటారు. అక్కడి నుంచి లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న ప్రమాణానికి, పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో నీటిని శుద్ధి చేసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరెందుకు వచ్చిందో అనే ప్రశ్నకు, 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్‌కు పునాది పడటానికి, సురక్షితమైన నీరు జీవించే హక్కులో భాగమేనన్న కోర్టుల మాటకు వరుసగా పోవచ్చు. సైన్స్ టీచరు కూడా వచ్చి ఒక పిరియడ్ తీసుకోవచ్చు. ఈ పాఠానికి ఖర్చు పైసా లేదు.

భూమి సంగతి ఇంకా పెద్దది. 1946 జులై 4న కడవెండిలో దొరల మీద పోరాటంలో దొడ్డి కొమురయ్య చనిపోయాడని పిల్లలకు తెలుసు, బిట్టు ప్రశ్నగా. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావేకు వెదిరె రామచంద్రారెడ్డి భూదానంగా 100 ఎకరాలు ఇచ్చాడనీ తెలుసు, ఇంకో బిట్టుగా. ఈ రెండింటి మధ్య 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారు, అతనికి భూమి మీద యాజమాన్య హక్కు ఇచ్చే 38-ఈ సర్టిఫికెట్, 1954-55 నాటి భూమి రికార్డు కాస్రా పహాణీ అనే మాటలు మా ఊళ్లలో ముసలివాళ్లు ఇప్పటికీ రోజూ వాడతారు. తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగే ప్రతి తాతకూ వాటితో పని పడుతుంది. 2020లో భూమి రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది, ప్రయోగాత్మకంగా తీసుకున్న నాలుగు మండలాల్లో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. పిల్లవాడి ఇంట్లో ట్రంకు పెట్టెలోని పాత పాసుబుక్కును మించిన చారిత్రక ఆధారం ఏ మ్యూజియం ఇస్తుంది? ఒక జాగ్రత్త మాత్రం ఉండాలి. కాగితాలు బడికి తెమ్మనకూడదు. పాలోళ్ల తగాదాలు బడిలోకి వస్తాయి. పెద్దవాళ్లను అడిగి రాసుకు రమ్మంటే చాలు.

ఇక్కడే భయం మొదలవుతుంది. "సారు క్లాసులో రాజకీయాలు మాట్లాడుతున్నాడు" అని ఎవరో ఒకరు ఫోన్ చేస్తే చాలు, సంజాయిషీ. ఈ టెన్షన్ ఉత్తది కాదు. 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు ఊళ్లకు సర్పంచులు లేరు, ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. ఆ రెండేళ్లూ బడుల్లో "గ్రామానికి పెద్ద సర్పంచ్" అని పాఠం నడిచింది. "మరి మనకు లేడు కదా సార్" అని అడిగిన పిల్లను కూర్చోబెట్టేయడమే సులువు. కానీ జవాబుకు రాజకీయం అక్కర్లేదు, రాజ్యాంగం చాలు. 243ఈ అధికరణ గడువు ముగిసేలోపు ఎన్నికలు జరగాలంటుంది. రిజర్వేషన్ల లెక్క తేలక, కోర్టుల్లో తేలక ఆలస్యమైంది. ఏ పార్టీ పేరూ ఎత్తకుండా ఇదంతా చెప్పొచ్చు. పార్టీని పక్కనపెట్టి చట్టాన్ని చెప్పే నేర్పు ఒక శిక్షణాంశం. అయినా నేను హాజరైన ఏ ట్రైనింగ్‌లోనూ దాని మీద అరగంట కూడా పెట్టలేదు. పాఠ్యప్రణాళిక ఫార్మాట్ ఎట్లా నింపాలో మాత్రం మూడుసార్లు చెప్పారు.

లెక్కల సంగతికొస్తే, జనగణన శాఖ 2011 జిల్లా హ్యాండ్‌బుక్కులు ఉచితంగా దొరుకుతాయి. వాటిలో ప్రతి ఊరికీ ఒక వరుస ఉంటుంది: ఇళ్లెన్ని, అక్షరాస్యులెందరు, బడి ఎంత దూరం, నీళ్లెక్కడివి. ఈగ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో పంచాయతీ పేరు కొడితే ఆర్థిక సంఘం డబ్బులెంత వచ్చాయి, దేనికి ఖర్చయ్యాయన్నది కనబడుతుంది. తమ ఊరి మురుగు కాలువకు ఎంత రాసుందో చూసి, సాయంత్రం వెళ్లి ఆ కాలువను చూసొచ్చిన పిల్లలకు జవాబుదారీతనం అంటే ఏంటో నేర్పాల్సిన పని లేదు. పటాలకు ఇస్రో వారి స్కూల్ భువన్ ఉంది. హైస్కూళ్లలో పెట్టిన పెద్ద తెరల మీద ఇవన్నీ తెరుచుకుంటాయి, కరెంటూ నెట్టూ ఉన్న రోజున.

మరి టీచర్లకు ఉన్న అవకాశాలేమిటి? ఉన్నాయి, బాగానే ఉన్నాయి. సీసీఆర్‌టీ అనే కేంద్ర సంస్థ 1979 నుంచి టీచర్లకు సాంస్కృతిక వనరుల శిక్షణ ఇస్తోంది. దాని ప్రాంతీయ కేంద్రం మాదాపూర్‌లోనే ఉంది. వేరే రాష్ట్రాల టీచర్లతో కలిసి కొన్ని రోజులు ఉండి, గుళ్లూ కోటలూ చేతిపనులూ పాఠంలోకి ఎట్లా తేవాలో నేర్చుకోవచ్చు. అలంపూర్ నవబ్రహ్మ ఆలయాలు, పానగల్ ఛాయా సోమేశ్వరాలయం, 2024లో 3,730 సీసపు నాణేలు బయటపడ్డ బౌద్ధ క్షేత్రం ఫణిగిరి, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కిన ముడుమాల్ నిలువురాళ్లు ఉన్న నేల మీద బతికే టీచరుకు ఇంతకంటే పనికొచ్చే శిక్షణ ఏముంటుంది? పార్లమెంటరీ వ్యవహారాల శాఖ 2019లో తెచ్చిన జాతీయ యువ పార్లమెంటు పథకంలో 9 నుంచి 12 తరగతుల పిల్లలు 'కిశోర్ సభ' అనే నమూనా పార్లమెంటు నడపొచ్చు. దానికి కావలసిన సామగ్రి పోర్టల్‌లోనే ఉంటుంది. ఎన్నికల సంఘం 2018లో పెట్టిన ఎన్నికల అక్షరాస్యత క్లబ్బులు చాలా బడుల్లో కాగితం మీద ఉన్నాయి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి ఒక ఉత్తరం రాస్తే జడ్జిగారే బడికొచ్చి బాల్యవివాహాల చట్టం, పోక్సో చెప్పి వెళ్తారు. కోర్టు అంటే సినిమాలో చూడటమే తప్ప తెలియని పిల్లలు జడ్జిని "మీరెప్పుడైనా తప్పు తీర్పు ఇచ్చారా" అని అడగడం నేను విన్నాను. ఆయన నవ్వి, అప్పీలు అంటే ఏమిటో చెప్పారు.

ఇవి టీచరు దాకా ఎట్లా చేరతాయో చూడండి. హైదరాబాద్ నుంచి డీఈవో ఆఫీసుకు, అక్కడి నుంచి ఎంఈవోకు, అక్కడి నుంచి హెచ్‌ఎంల వాట్సాప్ గ్రూపుకు. గ్రూపులో అప్పటికే మధ్యాహ్న భోజనం లెక్కలు, ముఖ గుర్తింపు హాజరు, యూడైస్ వివరాలు, 'అర్జెంట్' అని నాలుగు మెసేజ్‌లు. ఒకసారి ఒక శిక్షణ సర్క్యులర్ నా ఫోన్‌కు చేరేటప్పటికి ఆఖరు తేదీ పోయి రెండు రోజులైంది. ఎవరి తప్పూ కాదన్నారు. నిజంగానే ఎవరి తప్పూ కాకపోవచ్చు. కానీ గట్టు, కేటిదొడ్డి, అమ్రాబాద్ లాంటి మారుమూల మండలాల్లో పనిచేసే టీచరుకు ఈ ఆలస్యం రెండింతలు. నగరం పక్కనున్న టీచరు ఎవరినో అడిగి తెలుసుకుంటాడు. నల్లమలలో సిగ్నల్ కోసం గుట్టెక్కే టీచరు ఎవరిని అడగాలి?

ఇంకో వివక్ష ఉంది, దాని గురించి మాట్లాడటానికి మా వాళ్లే మొహమాటపడతారు. సైన్స్ టీచరుకు ఏటా జిల్లా సైన్స్ ఫెయిర్ ఉంది. పిల్లల సైన్స్ ఆలోచనలకిచ్చే ఇన్‌స్పైర్ మనక్ అవార్డుకు ఎంపికైన పిల్లవాడికి 10,000 రూపాయలొస్తాయి, గైడ్ టీచరుకు పేరొస్తుంది. సోషల్‌కు? మధ్యాహ్నం భోజనం తర్వాత, పిల్లలు తూగే వేళ ఏడో పిరియడ్. పదో తరగతి స్పెషల్ క్లాసులు మొదలైతే అదీ లెక్కల సారు అడిగి తీసుకుంటాడు, మనం ఇస్తాం. నిజానికి ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్షలో విషయ సామర్థ్యానికి ఉన్న 90 ప్రశ్నల్లో 35 సోషల్‌వే. గెలిచిన పిల్లకు ఏడాదికి 12,000 చొప్పున ఇంటర్ దాకా వస్తాయి. కూలికి పోయే తల్లిదండ్రులున్న ఇంట్లో అది చిన్న డబ్బు కాదు. హెచ్‌ఎం దగ్గర పిరియడ్ కోసం వాదించేటప్పుడు ఈ లెక్క చెప్పే సోషల్ టీచర్లు తక్కువ.

జిల్లాకొక సోషల్ ఫెయిర్ పెట్టడానికి కొత్త జీవో కూడా అక్కర్లేదు. మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రి పక్కనే మ్యూజియం ఉంది, పోచంపల్లిలో వినోబా మందిరం ఉంది. ఏడాదికోసారి ఒక చోట కలిస్తే చాలు.

అంతకంటే ముందు చేయగలిగిన పని ప్రతి ఫార్మేటివ్ పరీక్షలో ఉన్న 5 మార్కుల ప్రాజెక్టు పని. ఇప్పుడది ఎట్లా జరుగుతోంది? జిరాక్స్ షాపులో "ఐక్యరాజ్యసమితి ప్రాజెక్టు ఇవ్వన్నా" అంటే రంగుల ప్రింటు తీసిస్తాడు. 40 మంది పిల్లలు, 40 ఐక్యరాజ్యసమితులు. అవే 5 మార్కులను ఊరికి తిప్పితే సరిపోతుంది. పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకొకసారైనా గ్రామసభ జరగాలి. పోయినసారి ఎప్పుడు జరిగింది, ఎంతమంది వచ్చారు, ఆడవాళ్లెందరు, ఏం తీర్మానించారు? నాలుగు ప్రశ్నలు, ఒక పేజీ. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఆ పేజీలు మార్చుకుంటే మండలమంతా పిల్లలు రాసిన ఒక ఫైలు తయారవుతుంది. కాంప్లెక్స్ సమావేశంలో ప్రస్తుతం మేం చేసేది సంతకం, టీ, సెల్ఫీ. ఫొటో పైకి పంపాలి మరి.

ఈ చర్చలో ఎప్పుడూ మిగిలిపోయేవాళ్లు ప్రైవేటు బడుల సోషల్ టీచర్లు. వాళ్లకు సర్కారు శిక్షణలు అందవు. డీఎస్సీకి చదువుకుంటూ, బడిలో ఆరు పిరియడ్లు చెప్తూ, టెట్ పేపర్-2లో 60 మార్కుల సోషల్ కోసం రాత్రిళ్లు కూర్చుంటారు. కిశోర్ సభ, న్యాయసేవాధికార సంస్థ వీళ్లకూ తెరిచే ఉంటాయి. యాజమాన్యం ఒక పిరియడ్ వదిలితే చాలు.

ఇప్పుడు జనగణన వస్తోంది. ఇళ్ల జాబితా దశకు 2026 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా, జనాభా లెక్కింపుకు 2027 ఫిబ్రవరి అని ప్రకటించారు. ఎప్పటిలాగే ఎన్యూమరేటర్లలో చాలామంది టీచర్లే. కుటుంబాల వివరాలు బయట చెప్పకూడదు, అది చట్టం. కానీ 2011 హ్యాండ్‌బుక్కులో తమ ఊరి వరుసను జిరాక్స్ తీసి పిల్లల చేతికివ్వడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. ఆ రోజు తరగతిలో కూర్చున్న పిల్లల్లో చాలామంది 2011లో పుట్టి ఉండరు కూడా. బడికి దూరం, ఆస్పత్రికి దూరం, బస్సు ఉందా లేదా అన్న గళ్లలో ఏది మారిందో, ఏది మారలేదో పెన్సిల్‌తో వాళ్లే దిద్దుతారు.