ఈసారి ఉగాదికి బ్యాండు మేళం పిలుద్దాం

మనలో చాలామందికి బ్యాండు అంటే పెళ్లి ఊరేగింపే. ఎర్ర కోట్లు, జరీ టోపీలు, సొట్టలు పడ్డ బాకాలు, వాటి ముందు చిందులేసే పెళ్లికొడుకు స్నేహితులు. వాళ్లు ఏం వాయించారో నిలబడి విన్నవాళ్లు తక్కువ. నేనూ వినలేదు. అందుకే ఇక్కడ ఇంగ్లండులో, ఆఫీసులో ఒకాయన "బ్లాక్ డైక్ బ్యాండు కచేరీకి టికెట్ ఉంది, వస్తావా?" అని అడిగితే, చెవుల్లో పెట్టుకోడానికి దూది తీసుకెళ్లాలేమో అనుకున్నాను.

అది బ్రాస్ బ్యాండు, అంటే ఇత్తడి బాకాల బృందం. హడర్స్‌ఫీల్డ్ ఊరి టౌన్ హాల్లో నన్ను కదలనివ్వకుండా చేసింది హోరు కాదు. పాతికమందికి పైగా కలిసి ఒక చర్చి కీర్తన అందుకున్నారు, అదీ గుసగుసలాడినంత మెల్లగా. పసిపిల్లల్ని ఒళ్లో పెట్టుకున్నట్టు ట్యూబాలు (అన్నిటికంటే పెద్ద బాకాలు) పట్టుకున్న నలుగురి నుంచి వచ్చే శబ్దం చెవికంటే ముందు కుర్చీ చెక్కకి తెలిసింది. పక్కసీటు పెద్దావిడ చాక్లెట్ కాగితం విప్పుతూ మధ్యలో ఆపేసింది.

బాకా గట్టిగా ఊదడం ఏమంత కష్టం కాదట. కష్టమంతా మెల్లగా ఊదడంలోనే ఉంది. స్వరం పుట్టేది పెదవులు అదిరితేనే. ఊపిరి మరీ తగ్గితే ఆ అదురు ఆగిపోతుంది, స్వరం చచ్చిపోతుంది. ట్రంపెట్‌లాంటి చిన్న బాకా కార్నెట్‌కి ఉండేది మూడే మీటలు, మిగతా స్వరాలన్నీ పెదవుల బిగువుతోనే రావాలి. ఇంగ్లీషు బ్రాస్ బ్యాండులో ట్రంపెట్ కూడా ఉండదు. కార్నెట్లు, టెనార్ హార్న్‌లు, యూఫోనియంలు... గొట్టం క్రమంగా వెడల్పయ్యే వాయిద్యాలే ఎక్కువ. అందుకే ఆ నాదం గుచ్చుకోదు. ఇదంతా రికార్డింగులో సగమే తెలుస్తుంది. హాల్లో అయితే పాట మొదలవక ముందు అందరూ ఒక్కసారిగా ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపిస్తుంది. (మధ్యమధ్య గొట్టాల్లోంచి నీళ్లు వదులుతుంటారు. అది ఉమ్మి అనుకుని మొహం చిట్లించాను. చాలావరకు ఊపిరిలోని ఆవిరే చల్లబడి నీరవుతుందని తర్వాత తెలిసింది.)

విరామం తర్వాత ఒకమ్మాయి కార్నెట్ సోలో వాయించింది. గింజలు చల్లినట్టు స్వరాలు. అంత వేగం నాలుకతో వస్తుంది, లోలోపల తు-తు-కు, తు-తు-కు అనుకుంటూ. మన నాదస్వరంలో తుత్తుకారం అనేది గుర్తొచ్చింది. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడ్డ షేక్ చినమౌలానా నాదస్వరం క్యాసెట్లు మా ఇంట్లో ఉండేవి. నాలుక పని అంటే ఏమిటో నాన్న వాటితోనే వివరించేవారు.

ఈ బ్లాక్ డైక్ బ్యాండుది బ్రాడ్‌ఫర్డ్ నగరం పైన కొండమీది క్వీన్స్‌బరీ అనే ఊరు. 1855లో మిల్లు యజమాని జాన్ ఫోస్టర్ తన పనివాళ్లతో దీన్ని నిలబెట్టి, తన మిల్లు బట్టతోనే యూనిఫారాలు కుట్టించాడు. బొగ్గు గనులకూ ఇలాంటి బ్యాండ్లు ఉండేవి. గనుల మూసివేత ప్రకటన వచ్చిన 1992 అక్టోబరులోనే గ్రైమ్‌తోర్ప్ గని బ్యాండు బ్రాస్ బ్యాండ్ల జాతీయ పోటీ గెలిచింది. మరుసటి ఏడాది గని మూతపడింది, బ్యాండు మాత్రం ఇప్పటికీ వాయిస్తోంది. పెద్ద పోటీల్లో న్యాయనిర్ణేతల్ని తెరచాటున కూర్చోబెడతారు, వాయించేది ఎవరో వాళ్లకి కనపడదు. ఇంగ్లీషు స్వరకర్తలు హోల్స్ట్ 1928లో, ఎల్గార్ 1930లో ఆ జాతీయ పోటీ కోసమే కొత్త రచనలు చేశారు. ఇంత పేరున్న బ్యాండ్లలో కూడా చాలామందికి పగలు వేరే ఉద్యోగాలుంటాయి.

ఇక మన సంగతి. సంగీతమంటే చెవి కోసుకుంటాం అంటాం, కానీ మన వేడుకల్లో నిజంగానే చెవులు కోసేస్తున్నాం. మొన్న ఒక వేడుకలో స్పీకర్ల ధాటికి మా అత్తగారు మూడు గంటలు కారిడార్లోనే కూర్చున్నారు. ఈసారి ఉగాదికి ఒక్క అరగంట డీజేని ఆపి, మనం ఉండే ఊరి బ్యాండునే పిలుద్దామని నా ప్రతిపాదన. మైకు అక్కర్లేదు. మన సినిమా పాటలే వాయించాలని పట్టుబట్టొద్దు. గమకాలు మీటల మీద సరిగా పలకవు, పైగా ప్రతి వాయిద్యానికీ విడిగా నొటేషన్ ఎవరో కూర్చుని రాయాలి. వాళ్లకి బాగా వచ్చింది వాళ్లని వాయించనిద్దాం.

పిల్లలకి సంగీత పరీక్షల గ్రేడ్ల టెన్షన్ తప్ప సంగీతం అందడం లేదని బాధపడే తల్లిదండ్రులకి ఇంకో మాట. చాలా ఊరి బ్యాండ్లు వాయిద్యం అరువిచ్చి మరీ నేర్పుతాయి. కార్నెట్ నేర్చిన పిల్ల రేపు ట్యూబాకి మారినా అదే నొటేషన్, అవే వేళ్లు.

"మనవాళ్లు కదలకుండా కూర్చుంటారా?" అని మన ఉగాది కమిటీలో అడిగారు. ఏమో. పోయిన వేసవిలో ఇండియాలో మా ఊళ్లో మేనకోడలి పెళ్లికి వచ్చిన బ్యాండువాళ్లు టీ తాగుతుంటే, బాకా ఆయన్ని పక్కకి పిలిచి ఏదైనా ఒకటి మెల్లగా వాయించమన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మెల్లగా అయితే డబ్బులు తగ్గిస్తారా సార్?" అన్నాడు.