తయారైన తారలు, తరాల తీర్పులు

1970ల చివర్లోనూ 80లలోనూ మన కాలేజీ హాస్టళ్లలో టేప్‌రికార్డర్ ఉన్న గదిలో బోనీ ఎం అనే డిస్కో బృందం క్యాసెట్ ఒకటి ఉండి తీరేది. ఇంగ్లిషు సరిగా అర్థం కానివాళ్లు కూడా ఆ పాటలకు చిందులేశారు. ఆ కుర్రాళ్లకు ఇప్పుడు అరవై దాటింది. మనవరాలు ఫోన్‌లో కొరియన్ బృందం పాట పెడితే, ‘వీళ్లంతా కంపెనీ తయారుచేసిన బొమ్మలమ్మా, మా రోజుల్లో పాడేవాళ్లు నిజంగా పాడేవాళ్లు’ అంటున్నది వాళ్లలో చాలామందే. కానీ బోనీ ఎం రికార్డుల్లో వినిపించే ఆ లోతైన మగ గొంతు, ముందు నిలబడి గంతులేసిన బాబీ ఫారెల్‌ది కాదు. అది ఆ బృందాన్ని కూర్చిన జర్మన్ నిర్మాత ఫ్రాంక్ ఫారియన్ గొంతు. బృందంలోని మైజీ విలియమ్స్ గొంతు కూడా ఆ రికార్డుల్లో లేదు. నలుగురు కనిపించేవారు, వారిలో పాడింది ఇద్దరే. ఆ సంగతి తెలిశాక కూడా ఆ పాటలు ఇచ్చిన సంతోషం ఎవరి దగ్గరా తగ్గలేదు. తగ్గాలని మేము అనడం లేదు.

ఇదే ఫారియన్ 1980ల చివర్లో మిలి వనిలి అనే జంటను మార్కెట్లోకి దించాడు. రాబ్ పిలాటస్, ఫాబ్ మోర్వాన్ చూడచక్కని కుర్రాళ్లు, మంచి డాన్సర్లు. రికార్డుల్లో పాడింది మాత్రం చార్లెస్ షా, జాన్ డేవిస్, బ్రాడ్ హోవెల్. 1989 జులైలో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం బ్రిస్టల్‌లో ప్రదర్శన జరుగుతుండగా వెనక నడుస్తున్న ట్రాక్ ఇరుక్కుపోయింది. పాట పల్లవిలోని ఒకే ముక్క మళ్లీ మళ్లీ మోగుతోంది. పిలాటస్ కాసేపు దానికి తగ్గట్టు పెదాలు కదిపి, ఇక తట్టుకోలేక వేదిక మీంచి పరుగెత్తుకెళ్లిపోయాడు. ఆ రోజు వచ్చిన జనం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 1990 ఫిబ్రవరిలో ఆ జంటకు ఉత్తమ నూతన కళాకారులుగా గ్రామీ అవార్డు కూడా వచ్చింది. నవంబరులో ఫారియనే అసలు విషయం ఒప్పుకున్నాడు, అవార్డును వెనక్కి తీసుకున్నారు. నవ్వులపాలైంది మాత్రం పెదాలు కదిపిన ఇద్దరే. పిలాటస్ ముప్పై అయిదేళ్లయినా నిండకుండానే 1998లో చనిపోయాడు. ఫారియన్ ఆ తర్వాత కూడా రికార్డులు తీస్తూనే వచ్చాడు.

ఒకరు పాడితే ఇంకొకరు పెదాలు కదపడం మన తెలుగువాళ్లకు తప్పుగా తోచదు. చిత్తూరు నాగయ్య, భానుమతి లాంటివాళ్లు తమ పాటలు తామే పాడుకున్నారు. నేపథ్యగానం స్థిరపడ్డాక నటులు నటించారు, గాయకులు పాడారు. ఘంటసాల పాడితే ఎన్టీఆర్ పాడినట్టే ఉంటుందని, ఏఎన్నార్‌కు పాడితే అచ్చం ఆయనలాగే ఉంటుందని మురిసిపోయాం. ఎవరూ మోసపోలేదు. కారణం ఒక్కటే, టైటిల్స్‌లో గాయకుడి పేరు ఉంటుంది. ఆ పేరు కూడా ఊరికే రాలేదు. 1949లో వచ్చిన హిందీ సినిమా ‘మహల్’ రికార్డు మీద పాడిన లతా మంగేష్కర్ పేరు లేదు, సినిమాలోని పాత్ర పేరు ‘కామిని’ అని వేశారు. శ్రోతలు ఎవరు పాడారో చెప్పమని అడిగితే గానీ ఆమె పేరు బయటికి రాలేదు. కాబట్టి మిలి వనిలి కథలో తప్పు ఒకరి గొంతుకు ఇంకొకరు ముఖం ఇవ్వడం కాదు. పాడినవాళ్ల పేర్లు దాచడం తప్పు. ఆ దాచడానికి జవాబుదారీ ముందు నిలబడ్డ కుర్రాళ్ల కన్నా ఎక్కువగా వెనక లెక్కలు చూసుకున్నవాళ్లే.

తారల తయారీ నిన్న మొన్న మొదలైంది కూడా కాదు. ఇవాళ పాత అమెరికన్ పాటలంటే ప్రాణం పెట్టేవాళ్లు మోటౌన్ రికార్డు కంపెనీ పేరు వినగానే కళ్లు మూసుకుని తలాడిస్తారు. 1959లో డెట్రాయిట్‌లో ఆ కంపెనీ పెట్టిన బెర్రీ గోర్డీ అంతకుముందు లింకన్-మెర్క్యురీ కార్ల ప్లాంటులో పనిచేశాడు. అక్కడి అసెంబ్లీ లైన్ చూశాకే పాటల కంపెనీని ఎలా నడపాలో తట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. శుక్రవారం పొద్దున నాణ్యత పరీక్ష మీటింగు జరిగేది. ఆ వారం తయారైన పాటలన్నీ వినేవారు. నీ దగ్గర ఉన్నది ఒక్క డాలరే అయితే ఈ రికార్డు కొంటావా, శాండ్‌విచ్ కొంటావా అన్నది అక్కడి ప్రశ్న. శాండ్‌విచ్చే నెగ్గితే పాట మూలనపడేది. మాక్సీన్ పావెల్ అనే ఆవిడ పేదవాడల నుంచి వచ్చిన అమ్మాయిలకు ఎలా కూర్చోవాలో, కారులోంచి ఎలా దిగాలో, మైకు ముందు మొహం ఎలా పెట్టాలో నేర్పేది. చోలీ అట్కిన్స్ అడుగులు నేర్పేవాడు. సుప్రీమ్స్ అయినా టెంప్టేషన్స్ అయినా అలా చెక్కి నిలబెట్టిన బృందాలే. ఇవాళ సియోల్ కంపెనీలు చేస్తున్నదీ ఇంచుమించు ఇదే పని.

అయినా ఆ పాటల్లో ప్రాణం ఉంది. ప్లాన్ ప్రకారం తయారైనంత మాత్రాన పాట చచ్చిపోదు. అక్కడ జరిగిన అన్యాయం ఇంకోటి. ఆ హిట్ పాటల్లో చాలావాటికి వాయించిన ఫంక్ బ్రదర్స్ అనే వాద్యకారుల పేర్లు ఏళ్ల తరబడి రికార్డు అట్టల మీద లేవు. 1971లో గాయకుడు మార్విన్ గే ఆల్బమ్‌తో గానీ మోటౌన్ ఆ వాద్యకారుల పేర్లు అచ్చువేయలేదు. పుష్కర కాలం పాటు దేశమంతా వాళ్ల చేతులకు చిందులేసింది, వాళ్లెవరో దేశానికి తెలియదు.

నిజమైన బృందం, నకిలీ బృందం అన్న గీత కూడా ఎవరికి వీలైనట్టు వాళ్లు గీసుకున్నదే. 1966లో టీవీ సీరియల్ కోసం ఆడిషన్లు పెట్టి మంకీస్ అనే నలుగురిని ఎంచుకున్నారు. మొదటి రెండు ఆల్బమ్‌లలో వాయించింది ఎక్కువగా స్టూడియో వాద్యకారులే అని తెలిసి విమర్శకులు ఏకిపారేశారు. అంతకు ఏడాది ముందు బర్డ్స్ అనే గౌరవనీయమైన రాక్ బృందం మొదటి హిట్‌లో బృంద సభ్యుల్లో రోజర్ మెగ్విన్ ఒక్కడే వాయించాడు, మిగతాది స్టూడియోవాళ్లదే. వాళ్లను ఎవరూ బొమ్మలు అనలేదు. మంకీస్ మాత్రం నిర్మాతలతో పోట్లాడి 1967లో మూడో ఆల్బమ్‌ను చాలావరకు తామే వాయించుకున్నారు.

మన దగ్గరా ఈ తీర్పులు తరం తరానికీ మారుతూ వచ్చాయి. 1974లో ఘంటసాల పోయినప్పుడు తెలుగు పాట అక్కడితో ఆగిపోయిందన్నవాళ్లు ఉన్నారు. అప్పటికే బాలసుబ్రహ్మణ్యం పాడడం మొదలుపెట్టి ఏడేళ్లు దాటింది. ‘గొంతు లేతగా ఉంది, ఘంటసాల ఎక్కడ, ఇతనెక్కడ’ అన్న మాట ఆయనా పడ్డారు. ఆ బాలు గొంతుతో పెరిగినవాళ్లే ఇప్పుడు శ్రుతిని కంప్యూటర్‌తో సరిచేసే ఆటోట్యూన్ పాటలు విని చెవులు మూసుకుంటున్నారు. ఇరవై ఏళ్ల లోపు విన్నది మనసులో గట్టిగా నాటుకుంటుంది, ఆ తర్వాత వచ్చింది ఏదైనా పరాయిగానే తోస్తుంది. ఇది మనిషి సహజం, తప్పు పట్టడానికి లేదు. దాన్ని సంగీత విమర్శ అనుకోవడమే పొరపాటు. గొంతులో సత్తా లేకపోతే లేదని చెప్పండి, బాణీ అరువు తెచ్చుకున్నదైతే అదీ చెప్పండి. ‘తయారుచేశారు’ అన్న ఒక్క మాటతో మొత్తం కొట్టిపారేస్తే పిల్లలు మన మాట వినడం మానేస్తారు. మానేశారు కూడా.

పిల్లల వైపు కూడా మాకు అంతే గట్టి అభ్యంతరం ఉంది. తమ అభిమాన తార ఆరేడేళ్లు ట్రైనీగా ఉన్నాడని, రోజుకు పన్నెండు గంటలు ప్రాక్టీసు చేసేవాడని, తిండి కూడా కొలిచి పెట్టేవారని వాళ్లు గొప్పగా చెబుతారు. కష్టపడి పైకొచ్చాడు అనడానికి అది రుజువు అనుకుంటారు. పద్నాలుగేళ్ల పిల్లాడికి అన్నం కొలిచి పెట్టడం గొప్ప కాదు. ఆ పిల్లాడి చేత ఎలాంటి కాగితం మీద సంతకం పెట్టించారని పెద్దలూ అడగరు, పిల్లలూ అడగరు. ఒకరికి తారంటే చులకన, ఇంకొకరికి ఆరాధన.

కొరియాలో ఆ ప్రశ్న అడిగింది తారలే. 2009లో టీవీఎక్స్‌క్యూ బృందంలోని ముగ్గురు తమ 13 ఏళ్ల ఒప్పందం అన్యాయమని కోర్టుకెక్కారు, కోర్టు వారికి అనుకూలంగా మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అదే ఏడాది అక్కడి ఫెయిర్ ట్రేడ్ కమిషన్ ఏడేళ్లకు మించని ప్రామాణిక ఒప్పందాన్ని ముందుకు తెచ్చింది. 2014 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం అక్కడ 15 ఏళ్లలోపు కళాకారుల చేత వారానికి 35 గంటలకు మించి పని చేయించకూడదు, అది దాటిన మైనర్లకు 40 గంటలు. అయినా గొడవ తీరలేదు. ఎదగడానికి ఈ వ్యవస్థ టైమ్ ఇవ్వదని బీటీఎస్ నాయకుడు ఆర్‌ఎం 2022లో కెమెరా ముందే చెప్పాడు. 2024లో న్యూజీన్స్ బృందంలోని హన్ని పనిచోట వేధింపుల గురించి పార్లమెంటు కమిటీ ముందు మాట్లాడితే, ఆమె చట్టం దృష్టిలో కార్మికురాలు కాదని కార్మిక శాఖ తేల్చేసింది. కోట్లమంది అభిమానులున్న అమ్మాయికి మామూలు ఉద్యోగికి ఉండే రక్షణ లేదు.

ఇది ఎక్కడో దూరదేశపు కథ కాదు. ఒడిశాలోని రౌర్కెలా అమ్మాయి శ్రియా లెంకా 2022లోనే ఒక కొరియన్ బృందంలో చేరింది. బీటీఎస్‌ను నడిపే హైబ్ కంపెనీ 2025లో ముంబైలో ఆఫీసు తెరిచింది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఆడిషన్ అంటే క్యూ కట్టే పిల్లలు మనకూ తక్కువ లేరు. అంతదాకా ఎందుకు, మన టీవీల్లో ఏళ్లుగా పిల్లల పాటల పోటీలు, డాన్సు పోటీలు నడుస్తూనే ఉన్నాయి. ఎనిమిదేళ్ల పాప ఎలిమినేట్ అయి ఏడుస్తుంటే కెమెరా ఆ కన్నీళ్ల దగ్గరకు వెళ్తుంది, వెనక విషాద సంగీతం మోగుతుంది. ఆ షూటింగ్ ఎన్నింటికి మొదలైందో, ఎన్నింటికి ముగిసిందో చూసేవాళ్లకు తెలియదు.

మన దగ్గర చట్టం లేక కాదు. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించినప్పుడు బాల కళాకారులకు మినహాయింపు ఇచ్చారు, దానికి షరతులు 2017 నిబంధనల్లో పెట్టారు. జిల్లా మెజిస్ట్రేట్ అంటే కలెక్టర్ అనుమతి తీసుకోవాలి. రోజుకు అయిదు గంటలకు మించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు. వరసగా 27 రోజులకు మించి పని చేయించకూడదు. వచ్చే ఆదాయంలో కనీసం 20 శాతం పిల్లల పేరిట జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. పిల్లలపై వేధింపులు, నిర్లక్ష్యం, దోపిడీ జరగకుండా అన్ని జాగ్రత్తలూ తీసుకున్నామన్న ప్రకటన కూడా తెర మీద వేయాలి. చిన్న అక్షరాల్లో అది రెప్పపాటులో వచ్చి పోతుంది. పైగా ఈ నిబంధనలు 14 ఏళ్లలోపు వారికే. స్టార్ కావాలన్న పిచ్చి ముదిరేది సరిగ్గా ఆ వయసు దాటాకే. 18 నిండనివారు సొంతంగా చేసుకునే ఒప్పందం మన చట్టం ముందు చెల్లదు కాబట్టి సంతకం పెట్టేది అమ్మానాన్నలు. మేనేజ్‌మెంట్ కంపెనీ ఇచ్చే ఇరవై పేజీల ఇంగ్లిషు కాగితాన్ని చదివి అర్థం చేసుకునే తల్లిదండ్రులు ఎంతమంది?

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు చేయగలిగిన పనులు ఇక్కడ ఉన్నాయి. పిల్లలతో నడిచే ఏ షోకు అనుమతి ఇచ్చారో, ఏ షరతుల మీద ఇచ్చారో ప్రతి కలెక్టరేట్ వెబ్‌సైట్‌లో పెట్టాలి. పిల్లల పేరిట డిపాజిట్ నిజంగా పడిందా లేదా అన్నది కార్మిక శాఖ ఏటా తనిఖీ చేయాలి. 14 నుంచి 18 ఏళ్ల మధ్య వారికి కూడా ఇవే రక్షణలు వర్తించేలా చట్టం మార్చమని కేంద్రాన్ని అడగాలి. పిల్లల తరఫున తల్లిదండ్రులు చేసే ఒప్పందం తెలుగులో ఉండాలి, కాలపరిమితి ఉండాలి, 18 నిండాక దాన్ని కొనసాగించాలో వద్దో తేల్చుకునే హక్కు ఆ బిడ్డకే ఉండాలి. పాటల యాప్‌లలో హీరో ఫొటో ఉంటే సరిపోదు, గాయకులతో పాటు రచయిత, వాద్యకారుల పేర్లు కూడా కనిపించాలి. ఇక వచ్చే ఆడిషన్‌కు పిల్లను తీసుకెళ్లే తల్లిదండ్రులు పాట సాధన చేయించడంతో పాటు నిర్వాహకులను మూడు విషయాలు రాతపూర్వకంగా అడగాలి: కలెక్టర్ అనుమతి పత్రం ఏది, షూటింగ్ ఎన్ని గంటలు, డబ్బు ఏ ఖాతాలో పడుతుంది?