పూరీం విందుకు ముందు

విదేశాలలో యూదుల ఇరుగుపొరుగున నివసించే మన తెలుగు కుటుంబాలకు వారి పూరీం పండుగ అంటే పిల్లల వేషాలు, గసగసాల పూర్ణం పెట్టిన మూడు మూలల బిస్కట్లు. ఆ సందడికి ఆధారమైన నియమాలను గమనించినవారు మనలో తక్కువ. సంతోషాన్ని ఎవరి వీలుకు వారికి వదిలేయకుండా, అందరికీ అందవలసిన బాకీగా లెక్కకట్టడంలోనే ఈ పండుగ ఘనత ఉందని నా అభిప్రాయం.

హిందూదేశం మొదలుకొని ఆఫ్రికాలోని కూషు దేశం వరకు 127 సంస్థానాలను ఏలిన పారసీక చక్రవర్తి కొలువులో హామాను అనే మంత్రి యూదులను ఒక్క రోజున తుడిచిపెట్టాలని చీట్లు వేసి ముహూర్తం పెట్టగా, రాణి ఎస్తేరు, ఆమెను పెంచిన మొర్దెకై ఆ కుట్రను తిప్పికొట్టారని బైబిలులోని ఎస్తేరు గ్రంథం చెబుతుంది. యూదుల పంచాంగంలోని అదారు మాసం 14వ తేదీన, అంటే ఇంచుమించు మన ఫాల్గుణ పౌర్ణమి వేళ, ఆ గ్రంథాన్ని రాత్రి ఒకసారి, పగలు మరొకసారి చదువుతారు. యెరూషలేములో మాత్రం 15న చదువుతారు. హామాను పేరు వినబడినప్పుడల్లా పిల్లలూ పెద్దలూ చప్పుడు చేసే గిలకలు తిప్పి, నేలను తన్ని, ఆ పేరు వినబడకుండా చేస్తారు. అతని పదిమంది కొడుకుల పేర్లను చదివేవారు ఒక్క ఊపిరిలో ముగించాలి. దేవుని పేరు సూటిగా ఒక్కచోటా కనబడని గ్రంథాన్ని ప్రార్థనామందిరంలో ఇంత గోలతో చదివించిన పెద్దల ధైర్యం నాకు ముచ్చటగా తోస్తుంది.

పఠనం, విందు కాక మరి రెండు విధులున్నాయి: కనీసం ఒక మిత్రునికి వెంటనే తినదగిన రెండు రకాల ఆహారం పంపాలి, కనీసం ఇద్దరు పేదలకు దానం చేయాలి. మిత్రులకు పంపే బుట్టలు ఈ కాలంలో కొన్నిచోట్ల ఆడంబరానికి దిగాయి. అయితే విందుకన్నా, బుట్టలకన్నా పేదలకిచ్చే దానమే ఎక్కువగా ఉండాలని, పేదలు, అనాథలు, వితంతువులు, పరదేశుల మనసు సంతోషపెట్టడాన్ని మించిన ఆనందం లేదని 12వ శతాబ్దపు ధర్మశాస్త్రవేత్త మైమోనిడీస్ ఏనాడో తేల్చి చెప్పాడు. ఆ రోజు చేయి చాచినవారిని అర్హతలు అడగకూడదు. దానం మీద బతికేవాడు సైతం ఆ రోజు తన వంతు దానం చేయవలసిందే. నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది ఈ చివరి నియమం. ఎందుకంటే పుచ్చుకునేవాడు కూడా ఇచ్చేవాడైన పూట, పండుగలో ఎవరూ అతిథిగా మిగిలిపోరు.

సంక్రాంతి నెలలో హరిదాసు తలమీది పాత్రలో బియ్యం పోసిన ఇళ్లవారు కూడా ఆయన ఆదాయం ఎంతని విచారించలేదు. విదేశాలలోని మన ఉగాది, బతుకమ్మ సభలకు ఆ అలవాటు వెంట రాలేదు. మన సంఘాలు సేవ చేయడం లేదని నేననను. కానీ ఆ సేవ పండుగతో ముడిపడక, వేరొక రోజున, వేదికపై, ఫొటోల మధ్య జరుగుతున్నది. ఉగాది భోజనానికి పిలుపు వచ్చేలోపే, టికెట్టు కొన్నవారితోపాటు ఉచితంగా వచ్చిన విద్యార్థులు కూడా తమకు తోచినంత వేసిన సొమ్ము, ఆ ఊరి ఆహార సహాయ కేంద్రానికో, ఉద్యోగం పోయి వీసా గడువుతో సతమతమవుతున్న కుటుంబానికో పేర్లు చదవకుండా చేరాలని నా ప్రతిపాదన.

పండుగనాడు కార్యకర్తలకు ఊపిరి సలపదనే అభ్యంతరం రావచ్చు. యూదులు దీనికి దారి ఎప్పుడో చూసుకున్నారు: సొమ్మును ముందుగానే మతగురువు వద్ద జమచేస్తారు, ఆయన దానిని పూరీం పగలే పంచిపెడతాడు. మన కోశాధికారులకు అది పెద్ద పనేమీ కాదు.