సవరణ: మందార మీదున్నది అక్షింతల పురుగు కాదు

కూకట్‌పల్లి మిద్దెతోటలో మందార పూలు కొరుకుతున్న నలుపు, నారింజ పట్టీల పురుగు అక్షింతల పురుగు (లేడీబర్డ్) జాతిదని, చేత్తో తీసి పక్కన వదలమని మొన్న రాశాను. రెండూ తప్పే. అది మైలాబ్రిస్ పుస్టులేటా అనే బ్లిస్టర్ బీటిల్. కీటకశాస్త్రం పాఠ్యపుస్తకాల్లోని వర్ణనతో ఫొటో సరిచూస్తే తేలింది.

రంగు కాదు, కొలత చూడాలి. అక్షింతల పురుగు సెంటీమీటరు కూడా ఉండదు, బోర్లించిన శనగబద్దలా ఉంటుంది. ఇది రెండు, రెండున్నర సెంటీమీటర్ల పొడుగు. తల వెనక సన్నటి మెడ విడిగా కనిపిస్తుంది.

అసలు చిక్కు చేత్తో పట్టుకోవడంలోనే ఉంది. నొక్కితే కాళ్ల కీళ్ల నుంచి పసుపు ద్రవం వదులుతుంది. అందులోని కాంథారిడిన్ అనే విషం తగిలినచోట కొన్ని గంటల తర్వాత బొబ్బ లేస్తుంది. వెంటనే మంట ఉండదు కాబట్టి పురుగు వల్లేనని తోచదు కూడా. గ్లవ్స్ వేసుకుని, పొద్దున్నే అది మందకొడిగా ఉన్నప్పుడు పువ్వును సబ్బునీళ్ల మగ్గులోకి దులపండి. ద్రవం అంటితే సబ్బుతో కడగండి, ఆ చేత్తో కళ్లు నలపొద్దు.

బెండ, కాకర, కంది పూలకూ ఇది వస్తుంది. మందు కొడితే ఆ పూలకొచ్చే తేనెటీగలూ పోతాయి, ఏరడమే నయం. అన్నట్టు, దీని పిల్లపురుగులు నేలలో మిడత గుడ్లు తింటాయి.