నొప్పి మాత్రలు రేపే ఆపేయమనే ఆ సందేశాన్ని నమ్మకండి

కొంతకాలంగా వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. ఏ పెయిన్ కిల్లర్ ఎంతకాలంగా వాడుతున్నా సరే రేపటి నుంచే పూర్తిగా ఆపేయమని, మూడు రోజులు ఓర్చుకుంటే ఒంట్లోని విషమంతా పోయి వారంలో మునుపటి ఓపిక వస్తుందని దాని సారాంశం. రాకపోతే మనోబలం లేనట్టేనని, నిమ్మరసం, బ్లాక్ కాఫీ, బి12 మాత్ర చాలని, డాక్టరు దగ్గరికి వెళ్తే ఇంకో మత్తుమందు అంటగడతారని కూడా అందులో ఉంది. ఇది మనుషుల ప్రాణాల మీదికి తెచ్చే సలహా. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

"ఏ పెయిన్ కిల్లర్ అయినా" అనడంలోనే మొదటి తప్పు ఉంది. పారాసిటమాల్, డైక్లోఫెనాక్ లాంటివి మోతాదు మించితే కాలేయానికో, కిడ్నీలకో, కడుపుకో చేటు చేస్తాయి. కానీ వాటిని ఆపితే ఒళ్లు ఎదురు తిరగదు. ట్రమడాల్, టాపెంటడాల్, కోడీన్, మార్ఫిన్ అలా కాదు. ఇవి ఓపియాయిడ్లు, అంటే నల్లమందు తరహాలో పనిచేసి ఒంటికి అలవాటైపోయే మందులు. మన దేశంలో ట్రమడాల్‌ను 2018 ఏప్రిల్‌లో ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల నియంత్రణ చట్టం కిందికి తెచ్చారు. పారాసిటమాల్‌తో కలిపిన ట్రమడాల్ మాత్రలూ ఉన్నాయి, చాలామంది తాము ఓపియాయిడ్ వాడుతున్నామని తెలియకుండానే వాటిని వాడుతుంటారు. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు చదవండి. ఇంకో భయం కూడా ఉంది. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ వాడుతున్న మనిషి ఇంట్లో ఈ సందేశం చదివి ఆ మందు ఆపేస్తే, ఆ మనిషి పడే బాధకు ఎవరు జవాబు చెబుతారు?

"రేపే ఆపేయండి." అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019 ఏప్రిల్‌లో సరిగ్గా దీని మీదే హెచ్చరిక ఇచ్చింది. ఓపియాయిడ్లకు అలవాటుపడిన రోగులకు హఠాత్తుగా ఆపితే తీవ్రమైన విత్‌డ్రాయల్ లక్షణాలు (మందు మానినప్పుడు ఒళ్లు పడే ఇబ్బందులు), అదుపులేని నొప్పి, ఆత్మహత్య ఆలోచనల దాకా వస్తున్నాయని చెప్పింది. ఏడాదికి పైగా వాడినవాళ్లకు నెలకు 10 శాతం, లేదా అంతకన్నా నెమ్మదిగా తగ్గిస్తే తట్టుకోగలుగుతారని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2022 మార్గదర్శకాలు అంటున్నాయి. ట్రమడాల్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది. అది మెదడులోని రసాయనాలైన సెరటోనిన్, నోరడ్రినలిన్‌ల మీద కూడా పనిచేస్తుంది కాబట్టి, ఒక్కసారిగా మానితే మామూలు లక్షణాలతో పాటు కొందరికి విపరీతమైన భయం, ఒంట్లో షాక్ కొట్టినట్టు ఉండడం, అయోమయం వస్తాయి. గర్భిణులైతే సొంతంగా అస్సలు ఆపకూడదు. తగ్గించేటప్పుడు ఎస్ఆర్ అని రాసి ఉన్న మాత్రలను నలిపి వాడకండి, రోజంతా మెల్లగా విడుదల కావాల్సిన మందు ఒకేసారి ఒంట్లోకి వచ్చేస్తుంది.

ఇక అన్నిటికన్నా ఎక్కువమందిని కుంగదీసేది "వారంలో ఓపిక వస్తుంది" అన్న మాట. రెండు మూడు రోజుల్లో ట్రమడాల్ రక్తంలోంచి పోయే మాట నిజమే. కానీ నీరసానికి కారణం మిగిలిపోయిన మందు కాదు. ఇన్నాళ్లూ ఆ మందు మెదడులో నోరడ్రినలిన్ విడుదల చేసే కణాలను అణిచిపెట్టింది, మెదడు దానికి తగ్గట్టు తనను సర్దుకుంది. మందు తీసేయగానే ఆ కణాలు విజృంభిస్తాయి. ఆవులింతలు, ముక్కు కారడం, చెమటలు, విరేచనాలు, కాళ్లు లాగడం, నిద్ర పట్టకపోవడం అక్కడి నుంచే. ఇవి సాధారణంగా ఒక రోజులోపు మొదలై, రెండు మూడు రోజులకు బాగా పెరిగి, వారం పది రోజుల్లో తగ్గుతాయి. ఆ తర్వాత రెండో దశ ఉంటుంది, దాని గురించి ఎవరూ చెప్పరు. నొప్పులు తగ్గినా లేచి స్నానం చేయడానికి కూడా ఓపిక ఉండదు, దేని మీదా మనసు పోదు, నిద్ర ముక్కలుముక్కలుగా వస్తుంది. ఇది వారాలు, కొందరికి నెలలు కూడా ఉండొచ్చు. ఎనిమిదో రోజున ఇలా ఉన్న మనిషి ఆ సందేశం గుర్తొచ్చి "నేనే పనికిరాను" అనుకుని మళ్లీ మాత్ర వేసుకుంటాడు. నిజానికి ఒళ్లు కోలుకుంటూనే ఉంది, కాకపోతే దానికి టైమ్ పడుతుంది.

దీర్ఘకాలం వాడిన ఓపియాయిడ్లు టెస్టోస్టెరోన్ లాంటి హార్మోన్లను తగ్గిస్తాయి, అరుదుగా కార్టిసాల్‌ను కూడా. నీరసం తగ్గకపోతే వీటితో పాటు థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించమని డాక్టరును అడగండి. దీన్ని మనోబలం లేకపోవడం అనడం అన్యాయం.

నిమ్మరసం తాగండి, తప్పులేదు. విరేచనాలుంటే ఓఆర్ఎస్ ఇంకా మంచిది. బి12 లోపం ఉన్నవాళ్లకు బి12 మేలు చేస్తుంది, లేనివాళ్లకు దానితో ఓపిక రాదు. బ్లాక్ కాఫీ మాత్రం ఆ రోజుల్లో దడనూ నిద్రలేమినీ పెంచుతుంది, కావాలంటే పొద్దున ఒక కప్పుతో ఆపండి. రోజూ ఒకే వేళకు లేవడం, పొద్దుటి ఎండలో కాసేపు నడవడం, కొద్దికొద్దిగా పెసరట్టో, గుడ్డో, పెరుగన్నమో తినడం నిజంగా పనికొస్తాయి. ఒక రోజు బాగుందని పనులన్నీ మీద వేసుకోకండి. నిద్ర కోసం అల్ప్రాజోలం లాంటివి సొంతంగా వేసుకోవద్దు, ఓపియాయిడ్‌తో కలిస్తే శ్వాస ఆగిపోయే ప్రమాదం ఉంది.

"ఇంకో మత్తుమందు అంటగడతారు" అనేది ఓపియాయిడ్ అలవాటు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే బ్యూప్రెనార్ఫిన్ గురించి. అది కూడా ఓపియాయిడే. కానీ కొంతమేరకే పనిచేసి, మత్తు ఎక్కించకుండా మనిషిని నిలబెడుతుంది. 2005 నుంచి డబ్ల్యూహెచ్‌ఓ అత్యావశ్యక మందుల జాబితాలో ఉంది. అది అందరికీ అవసరం లేదు. కొందరికి మోతాదు మెల్లగా తగ్గిస్తే చాలు, ఇంకొందరికి ఓపియాయిడ్ కాని క్లోనిడిన్ ఇస్తారు. ఎర్రగడ్డ, విశాఖపట్నం ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో అడగవచ్చు. డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416.

ఆ సందేశంలో లేని ప్రమాదం ఒకటి చెప్పాలి. కొన్నాళ్లు మానేసరికి ఒంటికి పాత మోతాదును తట్టుకునే శక్తి పోతుంది. నీరసం భరించలేక మునుపటి లెక్కనే మాత్రలు వేసుకుంటే ఊపిరి మందగించి ప్రాణం పోవచ్చు. మనిషి లేపినా లేవకపోయినా, గురకలా ఊపిరి ఆగి ఆగి వస్తున్నా, పెదవులు నీలంగా మారినా నిద్రపోతున్నాడులే అని వదిలేయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి, ఏ మాత్రలు వేసుకున్నాడో వాళ్లకు చెప్పండి.