ఆసుపత్రి భోజనం టెండర్లు: వంటగది చూడకుండానే వడపోత

నెల్లూరులోనో ఒంగోలులోనో ఒక ప్రభుత్వ ఆసుపత్రి రోగుల భోజనానికి టెండరు పిలిస్తే, ఎవరు ఎంత తక్కువకు కోట్ చేశారన్నదే అందరూ మాట్లాడుకుంటారు. నిజానికి అప్పటికే సగం పోటీ ముగిసిపోయి ఉంటుంది. రెండు కవర్ల పద్ధతిలో ముందు తెరిచేది సాంకేతిక బిడ్. అందులో నెగ్గినవారి ధరల కవరునే తరువాత విప్పుతారు.

ఆ మొదటి కవరులో ఆహార భద్రత లైసెన్సు, జీఎస్టీ, ధరావతు, మూడేళ్ల టర్నోవరు, ఇలాంటి పనే చేసిన అనుభవం అడుగుతారు. లైసెన్సు అడగకపోతేనే తప్పు. చిక్కంతా చివరి రెండింటితోనే. కట్టడాల లాంటి పనుల కాంట్రాక్టుల కోసం కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2002లో ఒక కొలమానం సూచించింది. గత 7 ఏళ్లలో అంచనా విలువలో 80 శాతం ఉన్న పని ఒకటి, లేదా 50 శాతం చొప్పున రెండు, లేదా 40 శాతం చొప్పున మూడు చేసి ఉండాలి. కట్టడాలకు పెట్టిన ఆ లెక్కనే భోజనానికీ దించుకుంటే, కోటి రూపాయల టెండరుకు 80 లక్షల కాంట్రాక్టు ఒకటి, లేదంటే 50 లక్షలవి రెండు, 40 లక్షలవైతే మూడు చూపించాలి. వేలమంది పెళ్లి భోజనాన్ని వంక పెట్టడానికి వీల్లేకుండా నడిపే ఆత్మకూరు వంట మేస్త్రికి ఆ ధ్రువపత్రం ఎవరిస్తారు? పొదుపు సంఘాల మహిళలదీ అదే పరిస్థితి. దూబగుంటలో మహిళల సారా వ్యతిరేక ఉద్యమం లేచిన నెల్లూరు జిల్లా ఇది. సంఘాల మహిళలు ఏళ్లుగా బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతున్నా, ఆ అనుభవం టర్నోవరు గడిలోకి ఎక్కదు.

బిల్లు నెలల తరబడి ఆగినా రోగికి పూట తప్పకూడదు కాబట్టి కొంత స్తోమత కావలసిందే, ఒప్పుకుంటాను. కానీ బిల్లులు సకాలంలో చెల్లిస్తే అంత టర్నోవరు అడగవలసిన పనే ఉండదు. ప్రభుత్వం చేసే ఆలస్యానికి చిన్నవాళ్లు పోటీకే దూరం కావడం అన్యాయం.

వడపోతలో చూడవలసింది వంటగదిని. అదీ ముందుగా కబురు పెట్టకుండా వెళ్లి చూడాలి. బియ్యం బస్తాలు నేలకు తగలకుండా ఎత్తున ఉన్నాయా, మాంసం కోసిన కత్తితోనే కూరగాయలు తరుగుతున్నారా, వంటవాళ్ల వైద్య పరీక్షల కాగితాలు ఈ ఏడాదివేనా అన్నది అక్కడే తేలుతుంది. ఆహార భద్రత నిబంధనల ప్రకారం వేడిగా వడ్డించే పదార్థం కనీసం 60 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉండాలి. నెల్లూరులో వండి వ్యానులో కావలికి పంపే సంస్థ ఎంత పెద్దదైనా సరే, వార్డు గుమ్మం దగ్గర పప్పు గిన్నెలో థర్మామీటరు ముంచితే దాని సత్తా తెలిసిపోతుంది.

ఇవేవీ మార్కుల్లోకి రాకపోతే, అర్హత దాటినవారంతా ఒకటే అయిపోయి తక్కువ ధర వేసినవారికే పని దక్కుతుంది. మరీ తగ్గించి వేసినవారు ఆ తేడాను పప్పు పలచన చేసో, మజ్జిగలో నీళ్లు కలిపో, చిన్న గుడ్లు పెట్టో రాబట్టుకుంటారు. మంచం మీద ఉన్న రోగి ఎవరికి చెప్పుకోవాలి? సలహాలిచ్చే కన్సల్టెన్సీ సేవల్లోనే కాక, ఇతర సేవల్లోనూ ధరతో పాటు నాణ్యతకు గరిష్ఠంగా 30 శాతం వెయిటేజీ ఇచ్చేందుకు కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరులో షరతులతో వీలు కల్పించింది. రోగి తినే అన్నం కంటే ఆ వెసులుబాటుకు తగిన సేవ ఏముంటుంది? మన జిల్లాల్లో ఆ దారి పట్టాలి. ఆసుపత్రివారీగా టెండర్లు విడగొట్టాలి. వంటగది తనిఖీలో ఎవరికి ఎన్ని మార్కులు వచ్చాయో, ఎవరిని ఎందుకు పక్కన పెట్టారో ధరల కవరు తెరవకముందే నోటీసు బోర్డు మీద పెట్టాలి.